జ్వరం ఎవరి పని?

(గుంటూరులో ఒక ఆదివారం సాయంత్రం మామూలు శ్రోతల కోసం చేసిన ప్రసంగం ఇది. వక్త మెడికల్ కాలేజీలో మైక్రోబయాలజీ చెప్పి రిటైరైన అధ్యాపకుడు. రికార్డింగ్ విని రాసినది. సభలోంచి వచ్చిన మాటలు కుండలీకరణాల్లో ఉన్నాయి.)

అందరికీ నమస్కారం. ఈ ఎండలో, అదీ ఆదివారం పూట, ఇంతమంది వస్తారనుకోలేదు. ముందు వరసలో స్కూలు పిల్లలున్నారు కాబట్టి వాళ్ళతోనే మొదలుపెడతాను. ఏమ్మా, జ్వరం ఎందుకొస్తుంది?

(ఒక అమ్మాయి: వైరస్ వల్ల సార్. బ్యాక్టీరియా వల్ల కూడా.)

బాగా చెప్పావు. పరీక్షలో రాస్తే మార్కులు కూడా వేస్తారు. ఇప్పుడు ఇంకో ప్రశ్న. వైరస్ మామూలు మైక్రోస్కోపుకి కూడా కనపడనంత చిన్నది. దానికి తిండి అరిగించుకునే ఏర్పాటు లేదు, వేడి పుట్టించే శక్తి లేదు. మరి నిండు మనిషి ఒంటిని 98 నుంచి 102 డిగ్రీలకి ఎక్కించింది ఎవరు?

మనమేనండీ. క్రిమి లోపలికి రాగానే తెల్ల రక్తకణాలు కొన్ని రసాయనాలు వదులుతాయి. అవి రక్తంలో కలుస్తాయి, మెదడు అడుగున హైపోథాలమస్ అనే చోటికి కబురు చేరుతుంది. ఒంటి వేడి ఎంత ఉండాలో నిర్ణయించేది అదే. ఇవాళ్టికి 102 ఉండాలి అని అది లెక్క మార్చేస్తుంది. అప్పటికి ఒళ్ళు ఇంకా 99లోనే ఉంటుంది. అంటే మెదడు దృష్టిలో మనం చల్లబడిపోయామన్నమాట. అందుకే మే నెలలో కూడా దుప్పటి కప్పమంటాం, పళ్ళు టకటకలాడతాయి. ఆ వణుకుతో కండరాలు వేడి పుట్టిస్తాయి. పని అయ్యాక లెక్క మళ్ళీ మామూలుకొస్తుంది, ఒళ్ళంతా చెమట పడుతుంది. మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు ‘చెమట పట్టింది, ఇక జ్వరం దిగుతుంది’ అనేది ఇందుకే. నూటికి నూరుపాళ్ళు నిజం.

చీము కూడా అంతే. సెగ్గడ్డ చుట్టూ ఎర్రబడి వాయడం కూడా అంతే. జలుబులో కారే ముక్కు, ఒళ్ళు నొప్పులు, నోటికి ఏమీ సహించకపోవడం, వీటిలో చాలా భాగం క్రిమి చేసింది కాదు, క్రిమి వచ్చిందని మన ఒళ్ళు చేసుకున్న హడావుడి. ఈ సాయంత్రం నేను చెప్పబోయేదంతా ఈ ఒక్క సంగతి చుట్టూనే తిరుగుతుంది. రోగనిరోధక శక్తి అనగానే అదేదో ఎంత ఎక్కువుంటే అంత మంచిది అనుకుంటాం. అందులో అసలు కష్టం బలం దగ్గర లేదు. ఎవరిని కొట్టాలో గుర్తుపట్టడం, ఎంత కొట్టాలో తెలియడం, ఎప్పుడు ఆపాలో తెలియడం, కష్టమంతా అక్కడుంది.

మొదటి కాపలా గురించి త్వరగా చెప్పి దాటేస్తాను. చర్మం తెగనంతవరకూ దాదాపు ఏ క్రిమీ దాన్ని దాటలేదు. కడుపులో ఆమ్లం ఉంది. కన్నీళ్ళలో, ఉమ్మిలో లైసోజైమ్ ఉంది, బ్యాక్టీరియా గోడని కరిగించే పదార్థం. పెన్సిలిన్ కనిపెట్టిన అలెగ్జాండర్ ఫ్లెమింగ్ దానికి కొన్నేళ్ళ ముందు, 1922లో, దీని గురించి ప్రకటించాడు. జలుబు చేసిన మనిషి ముక్కు చీమిడిలో దొరికింది ఆయనకి. గొప్ప విషయాలు ఎప్పుడూ గొప్ప చోట్ల దొరకవు.

ఇక్కడే ఒక మాట. మన మిర్చి యార్డు వైపు వెళ్తే తుమ్ములు, దగ్గు, కళ్ళ వెంట నీళ్ళు. ‘మాకు మిర్చి అలర్జీ డాక్టరుగారూ’ అని వచ్చేవాళ్ళు చాలామంది. చాలావరకు అది అలర్జీ కాదు. మిరపలో ఉన్న క్యాప్సైసిన్ నేరుగా నరాల కొసల్ని తాకుతుంది. వేడిని గుర్తించే ద్వారాలే అక్కడ తెరుచుకుంటాయి, అందుకే మంట అంటాం. ఆ ద్వారాన్ని గుర్తించినందుకు డేవిడ్ జూలియస్‌కి 2021లో నోబెల్ ఇచ్చారు. అలర్జీ అంటే యాంటీబాడీలు, అంటే బయటివాటిని పట్టుకోవడానికి మన ఒళ్ళు తయారు చేసుకునే పదార్థాలు, కలగజేసుకోవాలి. అది కొందరికే వస్తుంది. మిర్చి ఘాటు కలెక్టరుగారికైనా, కూలీకైనా ఒకటే.

సరే, చర్మం తెగింది అనుకుందాం. తుమ్మముల్లు గుచ్చుకుంది. గంటల్లోనే ఆ చోటు ఎర్రబడి, వెచ్చబడి, వాచి, సలుపుతుంది. అక్కడి కణాలు ప్రమాదం పసిగట్టి రక్తనాళాలని కాస్త వదులు చేస్తాయి. ఆ సందుల్లోంచి న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు బయటికి దూరి వచ్చి బ్యాక్టీరియాని మింగుతాయి, మింగి చస్తాయి. ఆ చచ్చిన కణాల ముద్దే చీము. ఒక్కరోజుకి మన ఎముకల మూలుగలో వేల కోట్ల న్యూట్రోఫిల్స్ తయారవుతాయి. వాటి ఆయుష్షు మాత్రం చాలా తక్కువ.

ఇలా మింగే కణాల సంగతి మొదట గట్టిగా చెప్పినవాడు ఇల్యా మెచ్నికోవ్. 1882లో ఇటలీలో, సిసిలీ దీవిలోని మెస్సీనా ఊళ్ళో ఉన్నాడు. ఇంట్లో అందరూ సర్కస్‌లో కోతుల ఆటలు చూడ్డానికి వెళ్ళారు. ఈయన ఒక్కడే మైక్రోస్కోపు ముందు కూర్చుని నక్షత్ర చేప పిల్లల్ని చూస్తున్నాడు. అద్దంలా ఉంటాయవి, లోపల కదిలే కణాలు కనపడతాయి. వీటిలో ముల్లు గుచ్చితే ఈ కణాలన్నీ ముల్లు చుట్టూ చేరాలి కదా అనిపించింది. పెరట్లోంచి గులాబీ ముళ్ళు తెచ్చి గుచ్చాడు. ఆ రాత్రి నిద్ర పట్టలేదట. తెల్లారి చూస్తే ముల్లు చుట్టూ కణాలు మూగి ఉన్నాయి. 1908లో ఆయనకి నోబెల్ వచ్చింది, పాల్ ఎర్లిఖ్‌తో కలిపి. ఎర్లిఖ్ వాదన వేరు. రక్తంలో కరిగి ఉన్న పదార్థాలే కాపాడతాయన్నాడు, అంటే ఇప్పుడు మనం యాంటీబాడీలు అంటున్నవి. ఇద్దరి శిష్యులూ చాలా ఏళ్ళు కొట్టుకున్నారు. చివరికి తేలింది ఏమిటంటే ఇద్దరిదీ నిజమే.

ముల్లు కాలికి గుచ్చుకుంటే గజ్జల్లో బిళ్ళ కడుతుంది. గొంతు నొప్పి వస్తే దవడ కింద కడుతుంది. మన అమ్మమ్మలకి ఇది తెలుసు. ‘కాలు చూడు, ఏదో పుండు ఉండుంటుంది’ అనేవాళ్ళు. ఆ బిళ్ళ లింఫు గ్రంథి. అక్కడ జరిగేది చెప్పడానికి నాకు మన మిర్చి యార్డే గుర్తొస్తుంది. రైతు లాట్‌లోంచి గుప్పెడు కాయలు మచ్చు తీసి చూపిస్తారు, వ్యాపారులు ఆ మచ్చు చూసే బేరం చేస్తారు. అలాగే పుండు దగ్గర డెండ్రిటిక్ కణం అనేది క్రిమి ముక్క ఒకటి తీసుకుని గ్రంథికి వస్తుంది. అక్కడ టి కణాలు అనే ఇంకో రకం తెల్లకణాలు లక్షల్లో తిరుగుతుంటాయి. ఒక్కో టి కణానికి ఒక్క రకం ముక్కే సరిపోతుంది. చూస్తుంది, నాది కాదని పోతుంది. ఇంకోటి వస్తుంది, పోతుంది. ఎక్కడో ఒకదానికి సరిపోతుంది. అది అక్కడే ఆగి, రెండై, నాలుగై, వేలై పెరుగుతుంది. గ్రంథి ఉబ్బేది ఇందుకే. ఈ వెతుకులాటకీ, ఈ పెరుగుదలకీ కొన్ని రోజులు పడుతుంది. మామూలు వైరల్ జ్వరం వారం పాటు ఉండటానికి ఒక కారణం ఈ ఆలస్యమే. మూడో రోజు డాక్టరుని మార్చి, అయిదో రోజు తగ్గితే రెండో డాక్టరు హస్తవాసి మంచిది అంటాం. ఆ గొప్ప టి కణాలది.

(నవ్వులు)

బి కణాలు యాంటీబాడీలు తయారు చేస్తాయి. ఇక్కడ ఒక చిక్కు ఉండేది. మనిషికి ఉన్న జన్యువులు సుమారు 20 వేలు. యాంటీబాడీల రకాలు మాత్రం కోట్లలో ఉండాలి, ఎందుకంటే రేపు ఏ క్రిమి వస్తుందో ఎవరికీ తెలియదు. 20 వేల జన్యువులతో కోట్ల రకాలు ఎలా? సుసుము తొనెగావా దీన్ని విప్పాడు, 1987లో నోబెల్ అందుకున్నాడు. బి కణం తయారయ్యేటప్పుడు తన జన్యువు ముక్కల్ని తానే కత్తిరించి, కలిపి, కొత్త వరసలో అతికించుకుంటుంది. ఒక్కో కణం ఒక్కో రకంగా. అంటే కరోనా వైరస్ పుట్టకముందే దాన్ని పట్టుకోగల యాంటీబాడీ నమూనా మీలో ఎక్కడో ఒక కణం దగ్గర, అనుకోకుండా, సిద్ధంగా ఉంది. నాకు ఈ సంగతి చదివినప్పుడల్లా ఒళ్ళు జలదరిస్తుంది. 30 ఏళ్ళకి పైగా పాఠం చెప్పాను, ఆ జలదరింపు తగ్గలేదు.

పని అయ్యాక ఆ కణాల్లో ఎక్కువ భాగం చచ్చిపోతాయి. కొన్ని మిగిలి, ఏళ్ళ తరబడి ఉంటాయి. ఎంతకాలం? డెన్మార్క్ ఏలుబడి కింద ఫారో దీవులని ఉన్నాయి. అక్కడ 1846లో తట్టు వ్యాపించింది. పానుమ్ అనే కుర్ర డాక్టర్ని పంపారు. ఊరంతా పడకేసింది గానీ కొందరు ముసలివాళ్ళకి మాత్రం ఏమీ కాలేదు. వాళ్ళని ఆరా తీస్తే, 1781లో వచ్చిన తట్టు వాళ్ళకి చిన్నప్పుడు సోకిందని తేలింది. అరవై అయిదేళ్ళు! మధ్యలో ఆ దీవుల్లో తట్టు లేదు. అయినా ఒళ్ళు మరచిపోలేదు.

ఆ తట్టే ఇంకో పని చేస్తుంది. ఈ జ్ఞాపకాన్ని చెరిపేస్తుంది. జ్ఞాపక కణాల్లోకే ఆ వైరస్ దూరుతుంది. తట్టు వచ్చి తగ్గిన పిల్లల్లో అంతకుముందున్న యాంటీబాడీల్లో 11 నుంచి 73 శాతం దాకా పోయాయని 2019లో ఒక పరిశోధన చూపించింది. అంటే తట్టు తగ్గాక కూడా ఆ పిల్లలకి మిగతా జబ్బులు సులువుగా వస్తాయి. ‘తట్టే కదా, అమ్మవారు పోసింది, వేపాకులు పెడితే పోతుంది’ అనేవాళ్ళకి ఈ ఒక్క సంగతి చెప్పండి.

టీకా అంటే జబ్బు పడకుండా ఆ జ్ఞాపకం సంపాదించడం. మశూచికి టీకా వేసి చూపించిన జెన్నర్ 1796 కథ మీ అందరికీ తెలుసు, చెప్పను. మశూచి లోకంలోనే లేదని 1980లో ప్రకటించారు. మన దేశంలో సహజంగా వ్యాపించే (వైల్డ్) పోలియో వైరస్ వల్ల వచ్చిన చివరి కేసు 2011 జనవరిలో. పెద్దవాళ్ళు మీ భుజం తడుముకోండి, క్షయ రాకుండా వేసే బీసీజీ మచ్చ తగులుతుంది. మన దేశంలో బీసీజీ టీకాలు 1948లో మొదలుపెట్టిన చోట్లలో మన మదనపల్లె ఒకటి.

(ఒక పెద్దాయన: కుక్క కరిస్తే టీకా కరిచాక వేస్తారు కదండీ?)

మంచి ప్రశ్న బాబాయ్ గారూ. రేబిస్ వైరస్ నరం వెంట మెల్లగా పాకుతుంది, మెదడు చేరేలోగా మనకి వ్యవధి దొరుకుతుంది. అయినా టీకాకి ఒళ్ళు స్పందించడానికి వారం పైనే పడుతుంది. ఆ సందు పూడ్చడానికి చర్మం తెగి రక్తం వచ్చిన గాయమైతే ఇమ్యునోగ్లోబులిన్ కూడా గాయం చుట్టూ ఎక్కిస్తారు. అవి వేరేచోట తయారైన యాంటీబాడీలు. అరువు తెచ్చుకున్నవి కాబట్టి కొద్ది వారాలే ఉంటాయి. పాముకాటుకిచ్చే మందూ ఆ జాతిదే. గుర్రాలకి కొద్దికొద్దిగా విషం ఎక్కించి, వాటి రక్తంలోంచి తీసిన యాంటీబాడీలు అవి. మన దగ్గర దొరికే మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర, ఈ నాలుగింటి విషానికీ పనిచేస్తుంది. అన్నట్టు, కుక్క కరవగానే 15 నిమిషాలు ధారగా నీళ్ళు పోస్తూ సబ్బుతో కడగండి. కారం, పసుపు, సున్నం ఏమీ వద్దు.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. జన్యువుల్ని ఇష్టమొచ్చినట్టు కలిపేసుకునే కణాల్లో మన సొంత ఒంటినే పట్టుకునేవి కూడా పుట్టాలి కదా? పుడతాయి. వాటిని ఏరేయడానికి రొమ్ము ఎముక వెనక థైమస్ అనే గ్రంథి ఉంది. 1961 దాకా అది పనికిమాలినది అనుకున్నారు. జాక్ మిల్లర్ అప్పుడే పుట్టిన ఎలుకల్లో దాన్ని తీసేసి చూస్తే అవి జబ్బుల్ని తట్టుకోలేకపోయాయి. టి కణాలు నేర్చుకునేది అక్కడే. అక్కడికి వెళ్ళిన లేత కణాల్లో 95 శాతానికి పైగా బయటికి రావు, అక్కడే చచ్చిపోతాయి. కొన్ని ఏమీ గుర్తుపట్టలేనివి, కొన్ని మనల్నే పట్టుకునేవి. ఎంసెట్ కంటే కఠినం. అయినా కొన్ని తప్పించుకుని బయటికొస్తాయి. వాటిని అదుపులో పెట్టడానికి రెగ్యులేటరీ టి కణాలని వేరే ఉన్నాయి. ఈ అదుపు ఎలా పనిచేస్తుందో చూపించినందుకే 2025 నోబెల్ ముగ్గురికి ఇచ్చారు. షిమోన్ సకాగుచి, మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్.

ఆ అదుపు తప్పితే మన రక్షణ వ్యవస్థే పిల్లల్లో క్లోమం మీద పడి టైప్ 1 షుగర్ తెస్తుంది. థైరాయిడ్ మీద పడుతుంది, కీళ్ళ మీద పడుతుంది. రుమటాయిడ్ కీళ్ళవాతం ఉన్నవాళ్ళు వారానికోసారి మెథోట్రెక్సేట్ వేసుకుంటారు. వారానికోసారి అంటే వారానికోసారే, రోజూ వేసుకుంటే ప్రాణం మీదికొస్తుంది. ఆ మందు వెనక మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి బృందం ఉంది, అమెరికాలో లెడర్లీ లేబరేటరీస్‌లో. క్యాన్సర్ కోసం మొదలైన పని అది. ఆయన 1948లోనే పోయారు. 40 ఏళ్ళ తర్వాత, 1988లో, అమెరికాలో దాన్ని కీళ్ళవాతానికి అధికారికంగా అనుమతించారు. బోదకాలు జబ్బుకి ఊళ్ళల్లో మింగించే డీఈసీ మాత్ర కూడా ఆ బృందం నుంచి వచ్చిందే. బోదకాలు పురుగు లింఫు నాళాల్లో ఏళ్ళ తరబడి బతుకుతుంది. మన రక్షణని జోకొట్టి బతుకుతుందది. అలాంటి క్రిములూ ఉన్నాయి.

డెంగీ చూడండి. ఏటా వానాకాలం మన ఊళ్ళో, బెజవాడలో చూస్తున్నాం. అందులో నాలుగు రకాలున్నాయి. ఒక రకం ఒకసారి వస్తే ఆ రకం మళ్ళీ రాదు. కానీ ఇంకో రకం వచ్చినప్పుడు పాత యాంటీబాడీలు దాన్ని పట్టుకుంటాయి గానీ చంపలేవు. పైగా పట్టుకుని కణాల్లోకి దారి చూపిస్తాయి. రెండోసారి డెంగీ ముదిరే అవకాశం ఎక్కువ ఉండటానికి ఇదొక కారణం. ఇంకో సంగతి, ఇది తప్పకుండా గుర్తుపెట్టుకోండి. డెంగీలో ప్రమాదం తరచు జ్వరం తగ్గేటప్పుడు వస్తుంది, మూడో రోజు నుంచి ఏడో రోజు మధ్య. అప్పటికి వైరస్ తగ్గుముఖం పడుతుంటుంది, మన స్పందన ఉధృతంగా ఉంటుంది, రక్తనాళాల్లోంచి నీరు కారిపోతుంది. జ్వరం తగ్గింది, కానీ కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళలో రక్తం, మత్తుగా పడుండటం ఉన్నాయంటే వెంటనే ఆసుపత్రికి.

కోవిడ్‌లోనూ అదే చూశాం. 2020 జూన్‌లో బ్రిటన్ నుంచి వచ్చిన ఫలితం ఏమిటి? వెంటిలేటర్ మీదున్నవాళ్ళలో డెక్సామెథసోన్ మరణాల్ని మూడో వంతు తగ్గించింది. అది వైరస్‌ని చంపే మందు కాదండీ. మన రక్షణ వ్యవస్థని నెమ్మదింపజేసే స్టెరాయిడ్. ఊళ్ళో అందరం కషాయాలు తాగి ఇమ్యూనిటీ పెంచుకుంటున్న రోజుల్లో, ఐసీయూలో ప్రాణాలు నిలబెట్టింది ఇమ్యూనిటీని తగ్గించే మందు. అదే మందు ఆక్సిజన్ అవసరం లేనివాళ్ళకి మేలు చేయలేదు. 2021లో ఇష్టం వచ్చినట్టు వాడేసరికి, షుగర్ ఉన్నవాళ్ళలో బ్లాక్ ఫంగస్ ఎలా వచ్చిందో మీకు గుర్తుండే ఉంటుంది.

కాబట్టి ఇమ్యూనిటీ బూస్టర్ అని సీసా మీద రాసి ఉంటే, దేన్ని బూస్ట్ చేస్తుంది అని అడగండి. న్యూట్రోఫిల్స్‌నా? యాంటీబాడీలనా? అదుపుచేసే కణాలనా? షాపువాడు చెప్పలేడు, కంపెనీవాడూ చెప్పలేడు.

ఇంక ప్రశ్నలుంటే అడగండి.

(ఒక యువకుడు: జ్వరం మనకి మేలు చేసేదైతే పారాసెటమాల్ వేసుకోకూడదా సార్?)

వేసుకోవచ్చు. 100 డిగ్రీలు రాగానే కంగారుపడి మింగాల్సిన పని లేదు. ఒళ్ళు నొప్పులు, నీరసం, పిల్లలు నీళ్ళు కూడా తాగకపోవడం, అలాంటప్పుడు బరువుకి తగిన మోతాదు వేయండి. డెంగీ అనుమానం ఉన్నప్పుడు ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ మాత్రం వద్దు, రక్తస్రావం పెరుగుతుంది. యాంటీబయాటిక్ వైరస్ మీద పనిచేయదు, అది కొనుక్కోకండి.

(ఒకావిడ: రాత్రిపూట పసుపు పాలు తాగితే మంచిదేనా అండీ?)

నేనూ తాగుతానమ్మా, రుచిగా ఉంటాయి. అంతకు మించి హామీ ఇవ్వలేను. పిల్లలకి పప్పు, గుడ్డు సరిగ్గా అందడం, మగవాళ్ళు సిగరెట్ మానడం, అందరూ వేళకి నిద్రపోవడం, వీటికి మాత్రం హామీ ఇస్తాను.

(ఇంకొకావిడ: మా అత్తగారికి డెబ్బై దాటాయి, షుగర్ ఉంది. ఫ్లూ ఇంజెక్షన్ ఏటా వేయించాలంటున్నారు. నిజంగా అవసరమా?)

అవసరమేనమ్మా. ఇందాక చెప్పిన థైమస్ యుక్తవయసు వచ్చినప్పటి నుంచీ కుంచించుకుపోతూ వస్తుంది. పెద్ద వయసులో కొత్త క్రిమిని గుర్తుపట్టడం ఆలస్యమవుతుంది. షుగర్ ఎక్కువుంటే న్యూట్రోఫిల్స్ కూడా సరిగ్గా పనిచేయవు. ఫ్లూ వైరస్ ఏటా వేషం మారుస్తుంది కాబట్టి టీకా కూడా ఏటా మారుస్తారు, ఒకసారి వేస్తే సరిపోదు. న్యుమోనియా టీకా సంగతి కూడా అప్పుడే అడగండి. వెళ్ళేటప్పుడు ఆవిడ వాడే మందుల చీటీ మొత్తం పట్టుకెళ్ళండి. అందులో స్టెరాయిడ్ గానీ మెథోట్రెక్సేట్ లాంటిది గానీ ఉంటే ఏ టీకా వేయాలి, ఎప్పుడు వేయాలి అన్నది మారుతుంది. అది చీటీ చూసిన డాక్టరే చెప్పాలి, మైకు ముందు నిలబడి నేను చెప్పకూడదు.